అడాజనోళ్ళ అడివి

సూరత్‌ల కార్ఖానల దిక్కుండే భేస్తాన్‌ల తెలుగోళ్ళ గల్లీకి, సార్లుండే అడాజన్ నుంచి ఎవరన్న కారేసుకొని వచ్చిండ్రంటే కారణాలు రెండే. బతుకమ్మ ఆటకు ఆడోళ్ళు తక్కువ పడితే మంది కోసం వస్తరు. లేకుంటే ఏదో ఒక కాయితం మీద దస్కతుల కోసం వస్తరు. స్వరాజ్యానికి ఈ సంగతి పదహారేండ్ల సంది తెలుసు. అందుకే దీపావళి పోయిన రెండో ఆదివారం భుజంగరావు సారు ముక్కుకు దస్తీ అడ్డం పెట్టుకొని గల్లీల దిగంగనే, లేసు కుడుతున్న చీర చేతుల నుంచి దించకుండనే అనుకున్నది: "బతుకమ్మ ఒడిసింది. ఇది కాయితమే."

కాయితమే.

భుజంగరావు బ్యాంకుల మేనేజరు చేసి రిటైరైన మనిషి. అడాజన్ తెలుగు మిత్రమండలికి తొమ్మిదేండ్ల నుంచి అధ్యక్షుడు. ఆయనను దిగిపొమ్మనే ధైర్యం ఎవరికీ లేదు, ఆ కుర్చీల కూసునే ఓపిక సుతం ఎవరికీ లేదు. ఆయన వెంట వంశీధర్ వచ్చిండు. ఏదో సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసుల ఆఫీసరు. సారు ఏది అన్నా "ఎగ్జాక్ట్‌లీ సార్" అనుడే ఆయన కొలువు అన్నట్టుంటడు.

ఇద్దరూ మంచం మీద దస్తీలు పరిచి, దస్తీల మీద కూసున్నరు. స్వరాజ్యం చాయ్ పెట్టింది. భుజంగరావు చెయ్యి అడ్డం పెట్టి, "వద్దమ్మా, నాకు షుగర్" అన్నడు. వినాయకచవితి నాడు మండపం కాడ ఇదే మనిషి నాలుగు జిలేబీలు తిని ఐదో దాని కోసం ప్లేటు చాపుడు ఆమె కండ్లార చూసింది. ఆనాడు ఏ షుగర్ లేదు. భేస్తాన్ చాయ్‌ను చూస్తెనే లేస్తదేమో ఆ రోగం.

"ఏమయ్యా సోమలింగం," అని ఆమె మొగని దిక్కు తిరిగి మొదలు పెట్టిండు భుజంగరావు. "మన మండలి తరఫున ఈసారి ఒక కొత్త కార్యక్రమం అనుకున్నాం. మాండ్వి దాటాక అడవిలో, నది ఒడ్డున ఒక ట్రస్టు వాళ్ళ స్థలం ఉంది. లాభం చూసుకునే వాళ్ళు కాదు. డేరాలు వేసుకుని రెండు రాత్రులు ఉండొచ్చు. అయితే వాళ్ళదో నియమం. వచ్చే వాళ్ళలో సగం మంది చేతులతో పని చేసుకుని బతికే కుటుంబాల వాళ్ళు ఉండాలట. అందుకని మిమ్మల్ని కూడా కలుపుకుని పోదామని."

కలుపుకొని పోవుడట! ఇన్నేండ్ల నుంచి ఉగాది పచ్చడి మిగిలితే సుతం ఇటు పంపనోళ్ళు. అసలు సంగతి ఏందంటే, వాపి తెలుగోళ్ళు పోయినేడు అదే జాగకు పోయి డేరాల ముందు మంట ఏసుకొని ఫోటోలు దిగిండ్రు. ఆ ఫోటోలు చూసినప్పటి సంది భుజంగరావుకు అన్నం సయిస్తలేదు. వంశీధర్ నోరు జారి ఆ ముచ్చట చెప్పనే చెప్పిండు. అడివి మీద ప్రేమ గాదు, వాపోళ్ళ మీద కడుపుమంట.

స్వరాజ్యం నాలుక కొసకు జవాబు వచ్చింది. అది బయటకు వస్తే ఇద్దరూ దస్తీలు మరిచిపోయి ఉరికేటోళ్ళు. గల్లీల ఆమె నోటికి భయపడని మనిషి లేడు. కని అప్పుడే సోమలింగం ముందటికి వంగి అడిగిండు.

"సార్, ఆడ సప్పుడు ఉండదా?"

ఎంత గట్టిగ అడిగిండంటే వంశీధర్ ఉలిక్కిపడి ఫోను జారవిడిచిండు.

"ఉండదు, పూర్తి నిశ్శబ్దం," అన్నడు భుజంగరావు చెవి రుద్దుకుంట.

"నది పారే సప్పుడు ఇనొస్తదా?"

"వినపడుతుంది, వినపడుతుంది. నెమళ్ళు కూడా ఉన్నాయి." అని వంశీధర్ దిక్కు చూసి నవ్విండు.

ఆ నవ్వు చూసి స్వరాజ్యానికి ఒళ్ళు మండింది. అయినా నోరు తెరవలే. సోమలింగం ఇరవై ఏడేండ్ల నుంచి సాంచల మీద, అంటె కరెంటు మగ్గాల మీద, పని చేస్తున్నడు. పన్నెండు గంటల పాళీ, ఎనిమిది సాంచలు, ఒకటి ఆగితే ఇంకొకటి, కాలు నిలవనిచ్చే పని కాదు. ఆ మోతకు కుడి చెవి పోయి ఆరేండ్లయింది. ఎడమ చెవుల సగం మిగిలింది. మొన్న శ్రావణంల చెవుల డాక్టరు పరీక్ష చేసి, ఆ సగం సుతం ఏడాదో, మహా అంటే ఏడాదిన్నరో అని చెప్పిండు. ఆనాటి సంది మనిషి ఒక్కటే పాట. "చెవు పోకముందు ఒక్కపారి సాంచ సప్పుడు లేని జాగల కూసోవాలె. నీళ్ళ సప్పుడు, పిట్టల సప్పుడు ఇని పెట్టుకోవాలె. తర్వాత పోతే పోనీ." సూరత్‌ల అటువంటి జాగ యాడున్నది? ఇంటి గోడకు ఆనుకొనే కార్ఖాన. పండుకుంటె మంచం కోళ్ళు సుతం సాంచ లెక్కనే ఊగుతయి.

ఇప్పుడు ఆ జాగ దస్తీ పరుచుకొని ఇంటికి వచ్చి కూసున్నది. స్వరాజ్యం తన జవాబును మింగింది. 

"పేర్లు రాసుకోండ్రి సార్," అన్నది.

ఆ మాపు గల్లీల పదకొండు ఇండ్లు తిరిగి పేర్లు రాయించి దస్కతులు పెట్టించింది. సార్లు కారెక్కి అద్దాలు ఎత్తుకొని లోపటనే ఏదో మాట్లాడుకున్నరు. సోమలింగం చేతులు కట్టుకొని, కారు మలుపు తిరిగే దాక అటే చూసుకుంట నిలబడ్డడు. వీడ్కోలట. వాళ్ళేమో ఒక్కపారి సుతం ఇటు తిరిగి చూడలే.

తారీఖు ఖాయం గాకముందే, మరునాడే ఆయన సేఠ్‌ను మూడు రోజుల సెలవు అడిగిండు. ఇరవై ఏడేండ్లల్ల మొదటిపారి అడుగుడు చూసి సేఠ్, ఒంట్ల బాగలేదా అని అడిగిండట. దోస్తు లస్మయ్య ఆ మూడు రోజులు ఈయన సాంచలు సుతం చూస్తనన్నడు. సోమలింగం కొత్త టార్చి కొన్నడు. దాన్ని పొద్దున ఒకపారి, పాళీ నుంచి వచ్చినంక ఒకపారి వెలిగించి, ఆర్పి, దిండు కింద పెట్టుకునేటోడు. యాభై నాలుగేండ్ల మనిషి! స్వరాజ్యం ఆ సంబురం చూసి, సెల్లు అరిగిపోతదని తిట్టుకుంటనే లోపట మెత్తబడేది.

ఇగ అడాజన్‌ల ప్లానింగ్ మొదలైంది. ఆ ప్లానింగ్ ముచ్చట చెప్పుకుంటె నవ్వాల్నా ఏడ్వాల్నా తెల్వదు. దండు యుద్ధానికి పోతె సుతం అన్ని మీటింగులు కావు. ఒక మీటింగు దోమల మీద. ఒక మీటింగు బ్యానరు ఏ రంగు ఉండాలె అన్నదాని మీద. భుజంగరావు భార్య సీత గారు అడివిల ఇస్త్రీ పెట్టెకు ప్లగ్గు ఉంటదా అని అడిగిందట. ట్రస్టోళ్ళు కరెంటే లేదంటె, "మరి ఫోటోలు ఎట్లా?" అన్నదట. ఇస్త్రీ లేకుంటె ఫోటోల నెమలి మొఖం తిప్పుకుంటదేమో.

ఫోనుల ఒక గ్రూపు చేసి భేస్తానోళ్ళనందరినీ అండ్ల వేసిండ్రు. అండ్ల భుజంగరావు ఒక్కడే రాయొచ్చు, మిగిలినోళ్ళు చదువుకోవాలె. ఒకనాడు పనుల పట్టిక వచ్చింది. వంట: భేస్తాన్ సోదరీమణులు. సామాను మోత, డేరాలు: భేస్తాన్ సోదరులు. మరుగుదొడ్ల శుభ్రత: భేస్తాన్ యువత. అంత్యాక్షరి, ప్రకృతి వీక్షణ, పర్యవేక్షణ: అడాజన్ సభ్యులు.

సోదరీమణులట! గిన్నెలు తోమే మనిషి కావాల్నంటె అడాజనోళ్ళకు అక్కచెల్లెండ్లు గుర్తుకొస్తరు. ఆ ట్రస్టోళ్ళ మొదటి నియమమే పనిమనుషులను తేవద్దు, ఎవరి పని వాళ్ళు చేసుకోవాలె అని. దానికి వీళ్ళు కనిపెట్టిన ఉపాయం ఇది. పనిమనిషిని చెల్లె అంటె నియమం తప్పినట్టు గాదు.

పక్కింటామె ఆ పట్టిక చూసి, "నేను రాను పో అక్కా, మా ఆయనకు వండుడే చాలు నాకు," అని ఫోను విసిరి కొట్టింది. స్వరాజ్యం ఆమెను బతిమాలింది. బతిమాలుడు! పదహారేండ్లల్ల ఆమె ఎవరినీ బతిమాలింది లేదు. సగం మంది లేకుంటె జాగ ఇయ్యరు. జాగ ఇయ్యకుంటె మళ్ళ వచ్చే ఏడే, ఆ ఎడమ చెవి అప్పటిదాక ఆగదు.

మూడు వారాలకు ఆఖరి మీటింగు పెట్టిండ్రు. ట్రస్టు నుంచి జశీబెన్ అనే పెద్దామె సూరత్ వస్తదట. తారీఖు ఇచ్చే ముందు మనుషులను కండ్లార చూసి, ఒక్కొక్కరితోని మాట్లాడి, అప్పుడు గేటు చిట్టీ రాసిచ్చుడు వాళ్ళ ఆనవాయితీ. అందుకే భేస్తానోళ్ళందరు నాలుగింటికల్లా అడాజన్‌ల సారు వాళ్ళ సొసైటీ హాలుకు రావాలని గ్రూపుల రాసిండు. "శుభ్రమైన దుస్తులలో" అని సుతం రాసిండు. బట్ట నేసేటోళ్ళకు బట్ట ఎట్ల కట్టుకోవాల్నో చెప్తున్నడు.

నాలుగింటికి రెండు బస్సులు మారి పోయిండ్రు. వాచ్‌మన్ చెప్పులు బయట ఇడువమన్నడు. లోపట సార్లు బూట్లతోనే తిరుగుతున్నరు. హాలుల ప్లాస్టిక్ కుర్చీలు ఏసి వీళ్ళను కూసోపెట్టిండ్రు. కమిటీ అంత హాలు పక్కన అద్దాల రూముల, ఏసీల, తలుపు పెట్టుకొని కూసున్నది. ఆ అద్దానికే అడివి ఫోటోలు నాలుగు అంటించిండ్రు. సోమలింగం కూసోకుండ పోయి నది ఫోటో ముందు నిలబడ్డడు.

అడాజనోళ్ళకు ఒక సంగతి తెల్వదు. సాంచల కాడ ఎంత ఒర్రినా మాట ఇనపడదు. అందుకే అక్కడ పని చేసేటోళ్ళు పెదిమలతోని మాట్లాడుకుంటరు. షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు, గొంతు లేకుండనే, తిట్టుకుంటరు, నవ్వుకుంటరు, పెండ్లి సంబంధాలు సుతం ఖాయం చేసుకుంటరు. స్వరాజ్యం లేసు పనికి రాకముందు ఎనిమిదేండ్లు అదే కార్ఖానల కండెలు చుట్టింది. ఆమెకు మనిషి మొఖం కనపడితె చాలు, మాట దొరుకుతది. వీళ్ళేమో బ్యాంకులల్ల, ఆఫీసులల్ల మెల్లగ గుసగుసలాడి పెరిగినోళ్ళు. తలుపు మూస్తె మాట లోపలనే ఉంటదనుకుంటరు.

స్వరాజ్యం ఊకెనే అటు చూసింది. సీత గారి నోరు కదులుతున్నది.

"నిజంగా వీళ్ళందరూ మనతో వస్తారా ఏంటండీ? ఆ పెద్దాయన అరుపులకి నెమళ్ళన్నీ పారిపోతాయి."

భుజంగరావు కుర్చీల వెనక్కు వాలిండు. "ఎక్కడొస్తారు? ఇవాళ ఆవిడకి మొహాలు చూపిస్తే చాలు. చిట్టీ నా చేతికి రానీ. ముందు రోజు, బస్సు చిన్నదయింది, సీట్లు లేవు అని మెసేజ్ పెడతాను. వంటకి ఇద్దరు ఆడవాళ్ళు, మోతకి ఇద్దరు కుర్రాళ్ళు, అంతే. లోపలికెళ్ళాక ఎవడు చూడొచ్చాడు?"

"ఎగ్జాక్ట్‌లీ సార్," అన్నయి వంశీధర్ పెదిమలు. "వాళ్ళకి అలవాటే. ఏమనుకోరు."

స్వరాజ్యానికి నెత్తిమీద నిప్పులు పోసినట్టయింది. లేచి, ఆ తలుపు తన్ని, మీ నెమళ్ళ మొఖాల మీద ఉమ్మ, మిమ్మల్ని చూసి నెమళ్ళు గాదు గుడ్లగూబలు సుతం పారిపోతయిరా అని దులుపుదామని కాలు ముందటికి పెట్టింది సుతం. కని సోమలింగం వీపు కనపడ్డది. నది ఫోటో మీద వేలు పెట్టి, నీళ్ళు ఎటు నుంచి ఎటు పారుతున్నయో చూసుకుంటున్నట్టు నిలబడ్డడు. లొల్లి చేస్తె జశీబెన్ చిట్టీ చింపుతది. ఎవ్వరూ పోరు. భుజంగరావుకు ఏం పోయింది, ఇంకొక ఫోటోల జాగ దొరుకుతది. పోయేది సోమలింగం చెవే.

పండ్లు కొరుక్కుంట మళ్ళ కుర్చీల కూసున్నది.

ఐదింటికి జశీబెన్ వచ్చింది. అరవై దాటిన మనిషి. నూలు చీర, భుజానికి గుడ్డ సంచి. ఊరి బస్సుల వచ్చిందట. వాచ్‌మన్ చెప్పకముందే చెప్పులు బయట ఇడిచింది. భుజంగరావు పూలగుత్తి పట్టుకొని ఉరికొచ్చి, విరిగిన గుజరాతీల స్వాగతం చెప్పి అద్దాల రూము దిక్కు చెయ్యి చాపిండు. ఆమె అటు చూడనన్న చూడలే. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి గుంజుకొని భేస్తానోళ్ళ నడుమ కూసున్నది. సార్లకు కుర్చీలు లేక గోడకు నిలబడ్డరు.

ఆమె అందరినీ ఒక్కటే అడుగుతున్నది. "శిబిరంల చేతులతోని ఏం పని చేస్తరు?"

సీత గారు అంత్యాక్షరి అన్నది. జశీబెన్ తల ఊపి తర్వాతోళ్ళను చూసింది. వంశీధర్ "కోఆర్డినేషన్" అన్నడు.

"అది చేతితోని ఎట్ల చేస్తరు?" అని జశీబెన్ నిజంగనే తెల్వక అడిగింది. వంశీధర్ తన చేతులు తనే చూసుకున్నడు.

స్వరాజ్యం వంతు వచ్చింది. ఆమె లేచి నిలబడి సూరతీ గుజరాతీల అందుకున్నది. కూరగాయల మార్కెట్టుల పదహారేండ్లు బేరం చేసి నేర్చిన గుజరాతీ, భుజంగరావు పుస్తకం గుజరాతీ దాని ముందు నిలవదు.

"బెన్, గేటు చిట్టీ ఎవరి పేరు మీద రాస్తరు?"

"గుంపు పెద్ద పేరు మీద. ఆ మనిషి చిట్టీ పట్టుకొని ముందు నిలబడితెనే గేటు తీస్తం. ఆ మనిషి లేకుంటె బస్సు ఎనుకకే."

భుజంగరావు గొంతు సవరించుకొని ముందటికి అడుగేసిండు. స్వరాజ్యం ఆయన కంటె ముందే నోరు తెరిచింది. మూడు వారాల నుంచి మూసిన నోరు, తేనె పూసుకొని తెరిచింది.

"మా సారు మనసు సంగతి మీకు చెప్పాలె బెన్. పెద్ద మనిషి, తన నోటితోని తను చెప్పుకోడు. స్వయంగ మా గల్లీకి వచ్చి, మా మంచం మీద కూసొని, అందరం ఒక్కటే అన్నడు. చిట్టీ పని చేసుకునేటోళ్ళ పేరు మీదనే ఉండాలని ఆయన కోరిక. మా ఆయన సోమలింగం పేరు రాయుండ్రి. ఇంకొకటి సుతం ఉన్నది. మరుగుదొడ్లు కడిగే పని ఎవరికీ ఇయ్యొద్దు, అది నేనే చేస్త అన్నడు సారు. అంత పెద్ద బ్యాంకు మేనేజరు!"

జశీబెన్ రెండు చేతులు జోడించి భుజంగరావుకు మొక్కింది.

"పదకొండేండ్ల నుంచి ఈ శిబిరం చూసుకుంటున్న. ఏ ఆఫీసరూ ఇప్పటిదాక ఇట్ల అనలే భాయ్."

భుజంగరావు కాదని ఎట్లంటడు? నలభై మంది చూస్తున్నరు, చేతుల చిట్టీ పుస్తకం పట్టుకొని ఆ పెద్దామె మొక్కుతున్నది. మొఖం వంకాయ రంగు తిరిగింది. ఆఖరుకు, "అదే... అంటే... అవును," అన్నడు.

"ఎగ్జాక్ట్‌లీ సార్," అన్నడు వంశీధర్, అలవాటు కొద్ది.

జశీబెన్ సోమలింగాన్ని పిలిచి చేతులతోని ఏం పని చేస్తవని అడిగింది. "దారం తెగితె ముడేస్త! డేరా తాళ్ళు నేనే కడ్త!" అని ఆయన ఒర్రిన ఒర్రుడుకు అద్దాల తలుపు గజగజలాడింది. ఆమె నవ్వుకుంట చిట్టీ రాసి ఆయన చేతుల పెట్టింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి అంగీ లోపటి జేబుల దాచుకున్నడు.

తిరిగి వచ్చే సిటీ బస్సు నిండిపోయి ఉన్నది. ఇద్దరూ కడ్డీ పట్టుకొని నిలబడ్డరు. బస్సు మోతల మాట ఇనపడదు గనుక స్వరాజ్యం ఆయన మొఖానికి ఎదురుగ నిలబడి, పెదిమలతోనే అంత చెప్పింది. అద్దం ఎనుక ఎవరేమన్నరో, బస్సు చిన్నదైందని ఎట్ల ఎగ్గొడదామనుకున్నరో, తను ఎట్ల దెబ్బ కొట్టిందో. చెప్తుంటె ఆమెకే తన మీద తనకు మస్తు ముద్దొచ్చింది. ఆయన అబ్బురపడతడని ఆగి చూసింది.

సోమలింగం అబ్బురపడలే.

"నాకు ఎరుకే," అన్నయి ఆయన పెదిమలు.

"ఏమెరుక? నువ్వు నది ఫోటో చూసుకుంట నిలబడితివి గద."

"ఫోటో పక్కన అద్దం ఖాళీగనే ఉండె. ఈ పొద్దు గాదు, మొదటి నాడే ఎరుక. మన గల్లీల, కారుల కూసొని అద్దాలెత్తుకొని అదే మాట్లాడుకున్నరు. పేర్లు చాలు, మనుషులు వద్దు అని."

స్వరాజ్యానికి కోపం ముంచుకొచ్చింది. మూడు వారాలు తను ఎవరి కోసం నోరు కుట్టుకున్నదో, ఎవరి కోసం గడపగడపకు తిరిగి బతిమాలిందో ఆ మనిషే తనకు దాచిండు. ఆయన రెక్క పట్టి ఊపింది.

"ఎరుకైనంక సేఠ్‌ను సెలవెందుకు అడిగినవ్? టార్చి ఎందుకు కొన్నవ్? నాకెందుకు చెప్పలే?"

"చెప్తె నువ్వు లొల్లి చేస్తవ్. నాకు పోవాలనుండె." ఆయన కడ్డీ మీద చెయ్యి మార్చుకున్నడు. "సీట్లు లేవంటె, నిలబడి వస్త సార్ అందామనుకున్న. ఇరవై ఏడేండ్లు పన్నెండేసి గంటలు నిలబడ్డ. అడివి దాక మూడు గంటలు నిలబడనా?"

బస్సు ఆగింది. ముందట ఎవరో దిగితె ఒక సీటు ఖాళీ అయింది. ఒక పిలగాడు దాని మీదికి ఉరుకుతుంటె స్వరాజ్యం మోచేత్తోని అడ్డం కొట్టి, మొగణ్ణి భుజాలు పట్టి గుంజుకపోయి ఆ సీటుల కుదేసింది. వాళ్ళను తిట్టాలె, ఈయనను తిట్టాలె, మస్తు మాటలున్నయి.

"కూసో," అన్నది పెదిమలతోని.